మిర్యాలగూడ మిల్లులో లెక్కలా, హైదరాబాద్‌లో ఆఫీసా?

మిర్యాలగూడ రైస్ మిల్లులో నాలుగేళ్లు లెక్కలు రాశాను, ఇప్పుడు ఏడాదిగా హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ దగ్గర చేస్తున్నాను. మిల్లులో జీతం పదహారు వేలే, కానీ మధ్యాహ్నం ఇంటికెళ్లి వేడివేడిగా అన్నం తినేవాణ్ణి. వరికోతలప్పుడు మాత్రం గేటు ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరితే రాత్రి పదకొండు దాకా కాటా చిట్టీలు ఎక్కించాల్సిందే.

ఇక్కడ ముప్పై వేలు. అద్దె, తిండి పోను చేతిలో మిగిలేది అక్కడికంటే నాలుగైదు వేలే ఎక్కువ, పైగా ప్రతి నెలా 20వ తేదీ జీఎస్టీ 3బీ రిటర్న్ (నెలవారీ పన్ను లెక్క) గడువంటే వారం ముందు నుంచే టెన్షన్. అయినా నేను ఇటే ఉంటాను. మిల్లులో నాలుగేళ్లకు వచ్చింది టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఒక్కటే, ఇక్కడ ఏడాదిలోనే టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసే పన్ను), ఆడిట్ పని చేతికొచ్చాయి, రేపు ఇంకో చోట ఎక్కువ జీతం అడగాలంటే అవే నాకు బలం. ఇంట్లో చూసుకోవాల్సిన పెద్దవాళ్లుంటే మాత్రం మిల్లు పనే నయం, మా తమ్ముడికి అదే చెప్పాను.