కార్పొరేషన్ లెక్కా, పట్టణ సముదాయం లెక్కా: ఏది మేలు?

ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద నగరాలను వరుసగా చెప్పమంటే మొదటి పేరు దగ్గర పేచీ రాదు. విశాఖపట్నం తర్వాత విజయవాడ. తగాదా మొదలయ్యేది ఇంకా కింది వరుసల్లోనే. తిరుపతి పెద్దదా, కడప పెద్దదా? 2011 జనాభా లెక్కల్లో రెండు జవాబులూ ఉన్నాయి, రెండూ నిజమే.

కార్పొరేషన్ హద్దుల్లో చూస్తే కడపలో దాదాపు 3.4 లక్షల మంది, తిరుపతిలో మూడు లక్షల లోపే. అదే పట్టణ సముదాయంగా, అంటే నగరాన్నీ దానికి ఆనుకుని తెగకుండా పెరిగిన పట్టణ ప్రాంతాలనూ కలిపి చూస్తే తిరుపతి 4.6 లక్షలు దాటుతుంది, కడప ఉన్నచోటే ఉంటుంది. కడప కార్పొరేషన్ చుట్టుపక్కల పంచాయతీలను ముందే తనలో కలుపుకుంది. తిరుపతికి ఆనుకున్న తిరుచానూరు, అవిలాల అప్పటికి బయటే ఉన్నాయి. (కొండకు రోజూ వచ్చిపోయే యాత్రికులు ఏ లెక్కలోనూ చేరరు. చేరితే ఈ వరుసే తారుమారయ్యేది.)

విజయవాడలో ఈ తేడా ఇంకా ఎక్కువ. కార్పొరేషన్‌లో ఉన్నవారు పది లక్షల పైచిలుకు, సముదాయంలో దాదాపు 14.8 లక్షలు. బందరు రోడ్డులో బెంజి సర్కిల్ నుంచి పటమట, ఆటోనగర్ మీదుగా కానూరు, తాడిగడప, పోరంకి వరకు వెళ్లండి. నగరం ఎక్కడ అయిపోయిందో బోర్డు చదివితే తప్ప తెలియదు. కృష్ణ దాటితే తాడేపల్లి, మంగళగిరి. జిల్లా మారినా అవీ ఈ సముదాయంలోనివే. విశాఖలో ఈ చిక్కు లేదు. 2005లోనే గాజువాకను, చుట్టూ ఉన్న గ్రామాలను కలిపి మహానగర పాలక సంస్థను చేశారు కాబట్టి ఎలా చూసినా 2011 అంకె 17.3 లక్షల దగ్గరే నిలుస్తుంది.

అందుకే వరుస కట్టడానికి సముదాయం లెక్కే మేలంటాను. కార్పొరేషన్ హద్దును ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో జరపగలదు, మనుషులు ఉన్నచోటే ఉంటారు. అయితే కాలువ పూడిక తీయాల్సింది ఎవరు, ఇంటి పన్ను ఎవరికి కట్టాలి అన్నప్పుడు మాత్రం కార్పొరేషన్ లెక్కే పనికొస్తుంది. పోరంకి వాసి ఊరివాళ్లతో మాది విజయవాడే అంటాడు, పన్ను రసీదు మీద మాత్రం వేరే పేరుంటుంది.

మూడో లెక్క ఒకటుంది, అభివృద్ధి ప్రాధికార సంస్థల పరిధి. 2014లో ఏర్పడిన రాజధాని ప్రాంత ప్రాధికార సంస్థకు అప్పుడు ఏడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఇచ్చారు. తెనాలి చుట్టుపక్కల వరి పొలాలు కూడా అందులోకి వచ్చాయి. భూమి వినియోగాన్ని నిర్ణయించడానికి అది సరే గాని, నగరం ఎంత పెద్దదని కొలవడానికి పనికిరాదు.

సముదాయం లెక్కలోనూ ఒక మెలిక ఉంది. జనగణన వారు చూసేది పట్టణ ప్రాంతం తెగకుండా సాగుతోందా అన్నదే. మంగళగిరి నుంచి గుంటూరు వెళ్లే దారిలో కాజ, నంబూరు, పెదకాకాని దగ్గర ఖాళీ జాగా ఏటేటా తగ్గుతోంది. 2027 జనగణనలో విజయవాడ, గుంటూరు సముదాయాలు రెండూ ఒకటేనని తేలుస్తారో లేదో చూడాలి. గుంటూరుకు 2011లో ఉన్న 6.7 లక్షలను విజయవాడకు కలిపితే మొత్తం 21 లక్షలు దాటుతుంది. అప్పటి విశాఖ కంటే అది నాలుగు లక్షలు ఎక్కువ.