‘కన్ఫర్మ్ రిపోర్ట్’ అని డబ్బు కట్టబోతున్నవాళ్లు ఆగండి, వాడి దగ్గర ఏ రిపోర్టూ లేదు

క్రికెట్ బెట్టింగ్ ఆడేవాళ్లకి టాస్, మ్యాచ్ ఎవరు గెలుస్తారో ముందే తెలుసంటూ దాన్ని ‘కన్ఫర్మ్ రిపోర్ట్’ అని అమ్మే చానెల్ ఒకటి టెలిగ్రామ్‌లో ఉంది. అది ఏదో ఇక్కడ చాలామందికి తెలుసు, పేరు ఎత్తను. రాసినా లాభం లేదు, నడిపేవాడు వారానికోసారి పేరు మారుస్తాడు. టాస్ రిపోర్ట్ 999, మ్యాచ్ రిపోర్ట్ 2,999, సీజన్ మొత్తానికి 14,999. కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. డబ్బు పోయిందన్న బాధ ఒకెత్తు, ఆ తర్వాత వాడు చేసే పని ఒకెత్తు. ముందు అదే చెప్తాను.

మ్యాచ్ పోయాక అడిగితే మొదట మర్యాదగానే మాట్లాడతాడు. "బ్రో, ఆఖరి ఓవర్లో ప్లేయర్ భయపడ్డాడు, పైనుంచి డీల్ క్యాన్సిల్ అయింది. రేపు రికవరీ మ్యాచ్ ఉంది, 4,999 వెయ్యి, మొత్తం లాగేద్దాం." వెయ్యను, నా డబ్బు నాకిచ్చెయ్యి అంటే రెండో మెసేజ్‌కే భాష మారిపోతుంది. "నువ్వు బెట్టింగ్ ఆడిన స్క్రీన్‌షాట్లు నా దగ్గరున్నాయి. పోలీసుల దగ్గరికి పోతే ముందు లోపలికి పోయేది నువ్వే." దానికి జవాబు టైప్ చేస్తుండగానే మన కళ్ల ముందు చాట్ మొత్తం మాయమైపోతుంది. ఒట్టి బ్లాక్ కాదు అది. టెలిగ్రామ్‌లో ఇద్దరి మధ్య జరిగిన చాట్‌ని ఒక్కరే రెండు ఫోన్లలోంచీ చెరిపేయొచ్చు. డిలీట్ నొక్కినప్పుడు అవతలివాళ్లకి కూడా తీసేయాలా అని చిన్న టిక్ బాక్స్ వస్తుంది, అది పెడితే చాలు. వాడు పంపిన క్యూఆర్ కోడ్, గ్యారంటీ ఇస్తూ పెట్టిన వాయిస్ మెసేజ్, చివర్లో చేసిన బెదిరింపు, అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. వాట్సాప్‌లోలా ఇక్కడో మెసేజ్ ఉండేది, తీసేశారు అన్న గుర్తు కూడా మిగలదు. మోసపోయానని చెప్పుకోవడానికి మన చేతిలో ఉండేది యూపీఐ రసీదు ఒక్కటే. అందులో ఉన్న పేరు వాడిది కాదు, ఎవరో అకౌంట్ అద్దెకిచ్చినవాడిది. సాక్ష్యం భద్రం చేసుకోకుండా నిలదీయడానికి పోవడం నా తప్పు. ఆ తప్పు ఇంకెవరూ చేయకండి. ముందు ఫొటోలు, తర్వాతే తిట్లు.

"కానీ వాడు వరసగా ఐదు మ్యాచ్‌లు కరెక్ట్‌గా చెప్పాడు కదా" అని అందరూ అడిగేదే. నిజమే, చెప్పాడు. మీకు చెప్పాడు. 1,600 మందికి మెసేజ్ పెట్టి 800 మందికి ఒక జట్టు, 800 మందికి ఇంకో జట్టు గెలుస్తుందంటాడు. మ్యాచ్ అయ్యాక తప్పు మెసేజ్ వెళ్లిన 800 మందిని వదిలేస్తాడు. మిగిలినవాళ్లని మళ్లీ రెండుగా చీలుస్తాడు. 400, 200, 100, 50. ఐదో మ్యాచ్ అయ్యేసరికి 50 మందికి వాడు దేవుడిలా కనిపిస్తాడు. ఆ 50 మందీ 2,999 చొప్పున కడితే 1,49,950. ఆరో మ్యాచ్‌లో వాళ్లని కూడా చీలుస్తాడు కాబట్టి 25 మంది గెలుస్తారు, "నాకు నిజంగానే వచ్చింది బ్రో" అని మనస్ఫూర్తిగా చెప్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, అందుకే నమ్ముతాం. మొదట్లో "నా నంబరు సేవ్ చేసుకో" అని పట్టుబట్టేది కూడా ఇందుకే. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక లిస్టుకి 256 మంది, నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది, ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

చానెల్లో పెట్టే టాస్ పోస్టుది ఇంకో కిటుకు. సాయంత్రం మ్యాచ్ 7:30కి, టాస్ 7 గంటలకి. 6:12కి "ఈరోజు టాస్ రిపోర్ట్ వస్తోంది, రెడీగా ఉండండి" అని ఒక పోస్టు పడుతుంది. టాస్ అవ్వగానే అదే పోస్టుని ఎడిట్ చేసి గెలిచిన జట్టు పేరు రాస్తాడు. పోస్టు కింద టైము మాత్రం 6:12గానే ఉంటుంది. పక్కన చిన్న అక్షరాల్లో ఎడిటెడ్ అని పడుతుంది, కానీ బయట తిరిగే స్క్రీన్‌షాట్లలో సరిగ్గా అక్కడికే కత్తిరించి ఉంటుంది. ఆ స్క్రీన్‌షాట్ మళ్లీ తీసి చూడండి, కుడివైపు మూల ఎందుకు తెగిపోయిందో ఇప్పుడు అర్థమవుతుంది. రెండు జట్ల మీదా రెండు పోస్టులు పెట్టి తప్పింది తీసేయడం ఇంకా సులువు.

నెక్స్ట్ బాల్ సిక్స్ అని లైవ్‌లో చెప్పి చూపిస్తాడు చూడండి, అదీ అంతే. స్టేడియంలో పడిన బంతి మన ఫోన్లో స్ట్రీమ్‌కి వచ్చేసరికి చాలా సెకన్లు పడుతుంది. గ్రౌండ్‌లో ఒక మనిషి ఉన్నా, స్ట్రీమ్ కంటే ముందు నడిచే స్కోర్ లైన్ చేతిలో ఉన్నా, జరిగిపోయిన బంతిని జరగబోయేదని చెప్పొచ్చు.

ప్లేయింగ్ లెవెన్ లీక్ అని 499కి అమ్మేదాంట్లో అయితే కనీసం లాజిక్ కూడా లేదు. ఐపీఎల్‌లో 2023 నుంచి కెప్టెన్లు రెండు లిస్టులతో టాస్‌కి వస్తున్నారు. ముందు బ్యాటింగ్ అయితే ఒకటి, బౌలింగ్ అయితే ఇంకొకటి. టాస్ పడ్డాకే ఏది ఇవ్వాలో తేలుతుంది. కెప్టెన్‌కే ఖాయం కానిది మధ్యాహ్నం మూడింటికి వీడికెలా తెలుస్తుంది?

లోపలి మనిషి ఉన్నాడంటాడు. 2023లో మన హైదరాబాద్ సిరాజ్‌కి జరిగింది గుర్తు చేసుకోండి. బెట్టింగ్‌లో బాగా పోగొట్టుకున్న ఒక డ్రైవర్ జట్టు లోపలి సంగతులు చెప్పమని వాట్సాప్‌లో మెసేజ్ పెడితే, సిరాజ్ ఆ విషయాన్ని నేరుగా బీసీసీఐ అవినీతి నిరోధక విభాగానికి చెప్పేశాడు. 2013లో నిజంగా స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణలు వచ్చి ముగ్గురు రాజస్థాన్ ఆటగాళ్లు అరెస్టయ్యారు కదా, అది బయటికొచ్చింది ఢిల్లీ పోలీసులు ఫోన్లు విన్నందువల్ల. ఏ చానెల్లోనూ రిపోర్ట్ అమ్మినందువల్ల కాదు. ఒక ఓవర్లో ఎన్ని పరుగులు ఇస్తారో నిజంగా తెలిసినవాడు దాన్ని వేలమందికి అమ్మడు. అమ్మితే బెట్టింగ్ రేటు పడిపోయి నష్టపోయేది వాడే.

ఇందులో నాకు అన్నిటికంటే మంట పుట్టించేది ఇంకొకటి ఉంది. మ్యాచ్ తప్పిన ప్రతిసారీ ఒక ఆటగాడి పేరు చెప్తాడు. ఫలానా బౌలర్ అమ్ముడుపోయాడు, అందుకే ఆఖరి ఓవర్లో ఫుల్‌టాస్ వేశాడని. మన డబ్బు తిరిగివ్వకుండా తప్పించుకోవడానికి చెప్పిన ఆ సాకునే మనం ఫ్యామిలీ గ్రూపుల్లోకి ఫార్వర్డ్ చేస్తున్నాం. మర్నాటికి అది వార్త అయిపోతుంది. 2022 సెప్టెంబర్ 4న దుబాయ్‌లో పాకిస్తాన్ మీద మన బౌలర్ అర్ష్‌దీప్ ఒక క్యాచ్ వదిలేస్తే, ఆ రాత్రే ముఖం లేని ఎవరో అతని వికీపీడియా పేజీలో ఇండియా అని ఉన్నచోట ఖలిస్తాన్ (సిక్కు వేర్పాటువాదులు కోరే దేశం పేరు) అని రాశారు. కేంద్రం వికీపీడియా వాళ్లని పిలిచి వివరణ అడగాల్సి వచ్చింది. అప్పటికి ఆ కుర్రాడికి 23 ఏళ్లు. నేను ఫార్వర్డ్ చేసిన వాటిలో అలాంటివి ఎన్నున్నాయో తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఉన్నవన్నీ తీసేశాను, పంపినవాళ్లకి అబద్ధమని చెప్పాను.

డబ్బు కట్టేసినవాళ్లకి రెండు ముక్కలు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ అకౌంట్లో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. యూపీఐ రసీదులోని 12 అంకెల నంబరు, కట్టిన టైము, మీ బ్యాంకు పేరు దగ్గర పెట్టుకోండి. చానెల్లో స్క్రీన్‌షాట్ రాకుండా ఆపేసి ఉంటే ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. ప్రైవేట్ చానెల్ అయితే ఏదైనా పోస్టు లింక్ కాపీ చేసి దాచుకోండి. అందులో ఉండే పొడవాటి అంకె, వాడు చానెల్ పేరు మార్చినా మారదు. రికవరీ మ్యాచ్ అన్నదానికి మాత్రం ఒక్క రూపాయి కూడా వేయకండి. బెట్టింగ్ మన రెండు రాష్ట్రాల్లోనూ నేరమే, ఆ భయంతోనే మనం నోరు మూసుకుంటామని వాడికి తెలుసు.

ఇవాళ్టి మ్యాచ్‌కి ఇప్పటికే కట్టేసి రిపోర్ట్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాడికి ఏమీ చెప్పకుండా ఇప్పుడే చాట్ పైనుంచి కిందిదాకా ఫొటోలు తీసుకోండి. టాస్ 7 గంటలకి.