గోల్డెన్ సైప్రస్, మోర్‌పంకీ, ఇటాలియన్, జునిపర్: మన హైదరాబాద్ ఎండకి ఏది మేలు?

సంక్రాంతి ముందు నర్సరీకి వెళ్తే ఎవరికైనా చెయ్యి ఆగదు. గేటు పక్కనే వరసగా పెట్టుంటాయి గోల్డెన్ సైప్రస్ మొక్కలు, నిమ్మపండు రంగులో, కోన్ ఐస్‌క్రీమ్ బోర్లించినట్టు, ఆకు నలిపితే నిమ్మ వాసన కూడా వస్తుంది. నేనూ అలాగే ఆరు కొన్నా. ఒక్కోటి 350 చెప్పి 300కి ఇచ్చాడు. "ఏం కాదు మేడం, నీళ్ళు పోస్తే చాలు, గోడ లెక్క లేస్తది" అన్నాడు. మే 20 నాటికి ఆరుకి ఆరూ పోయాయి.

అసలు మాకు ఈ అవసరం ఎందుకొచ్చిందంటే, సైనిక్‌పురి వైపు 200 గజాల ఇల్లు మాది, పక్కన పాత ఇల్లు కొట్టేసి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేపారు, వాళ్ళ బాల్కనీల్లోంచి చూస్తే మేం బట్టలారేసుకునే చోటు మొత్తం కనిపిస్తుంది. గోడకీ ఇంటికీ మధ్య నాలుగడుగుల జాగా, అదీ పడమర వైపు. అందులో ఏదో ఒక పచ్చటి అడ్డం కావాలి, చూడ్డానికీ బాగుండాలి. కోనోకార్పస్ వేసేయండి ఆర్నెల్లలో గోడైపోతుంది అన్నవాళ్ళున్నారు, కానీ దాన్ని నాటొద్దని తెలంగాణ ప్రభుత్వమే చెప్పాక ఇంక దాని జోలికెందుకు అని సైప్రస్ కుటుంబంలోవే చూశా. ఈ నాలుగేళ్ళలో నాలుగు రకాలు పెట్టి చూశా కాబట్టి రాస్తున్నా.

ముందు గోల్డెన్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ పడేది దీని దగ్గరే. నర్సరీల్లో గోల్డెన్ సైప్రస్, లెమన్ సైప్రస్, గోల్డ్‌క్రెస్ట్ అని మూడు పేర్లతో అమ్ముతారు, మొక్క మాత్రం ఒకటే. దీని అసలు జాతి పేరు మాంటరే సైప్రస్. కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున, మాంటరే ఊరి దగ్గర రెండంటే రెండు చిన్న తోపుల్లో మాత్రమే సహజంగా ఉన్న చెట్టది. అక్కడ ఎండాకాలంలో కూడా పొద్దున్నే మంచు కమ్ముకుంటుంది, పగలు 20 డిగ్రీలు దాటితే గొప్ప. దాన్ని తీసుకొచ్చి పడమర గోడ పక్కన, 42 డిగ్రీల్లో, సాయంత్రం ఏడింటికి కూడా సిమెంటు సెగ కక్కే చోట పెడితే ఏమవుతుంది చెప్పండి. ఊటీలో బతుకుతుంది, బెంగళూరులో కూడా చాలామంది ఇళ్ళలో బాగానే ఉంటుంది. ఆ ఫొటోలు చూసి మనం మోసపోతాం.

ఎండ ఒక్కటే కాదు, ఇంకో సంగతి పోయాక తెలిసింది. చచ్చిపోయిన మొక్కల్లో ఒకదాన్ని పీకి చూశా. చుట్టూ ఎర్రమట్టి తడిగా ఉంది, రోజూ పోశాం కదా, కానీ మధ్యలో కవర్‌లోంచి తీసి పెట్టిన ఉండ ఉండలాగే ఉంది. అది మొత్తం కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. వేలు పెడితే దిగట్లేదు, కొబ్బరి చిప్ప మీద పీచులాగా పొడిగా, గట్టిగా. ఒక్క వేరు కూడా ఆ ఉండ దాటి మట్టిలోకి రాలేదు. అంటే నాలుగు నెలలు నేను పోసిన నీళ్ళన్నీ చుట్టూ మట్టి తాగింది, మొక్క దాహంతో పోయింది. అప్పట్నుంచి ఏ మొక్క తెచ్చినా ముందు బకెట్ నీళ్ళలో అరగంట ముంచి, బుడగలు రావడం ఆగాక తీసి, ఆ పీటు సగం వరకూ చేత్తో మెల్లగా విదిల్చి, వేళ్ళు విడదీసి మరీ నాటుతున్నా.

దీని గురించి ఇప్పుడు నా లెక్క ఏంటంటే, గోల్డెన్ సైప్రస్‌ని మొక్క అనుకోవద్దు, పూలబొకే అనుకోండి. డిసెంబర్‌లో ఒకటి కొని హాల్లోనో వరండాలోనో కిటికీ పక్కన పెట్టుకుంటే మార్చి దాకా కళ్ళకి పండగ, తర్వాత పోతే పోయింది. 300కి మూడు నెలలు, రోజుకి మూడు రూపాయల పైచిలుకు. ఆ లెక్కన ఖరీదేం కాదు. అడ్డం గోడకి మాత్రం కాదు.

ఇప్పుడు మోర్‌పంకీ. చిన్నప్పుడు స్కూల్లో దీని ఆకు పుస్తకంలో పెట్టుకుంటే చదువొస్తుందని తెంపుకునేవాళ్ళం, గుర్తుందా, అదే. థూజా అని కూడా అంటారు, 1753లో మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ దాన్ని థూజాలో వేశాడు, తర్వాత వాళ్ళు తీసి వేరే ప్రజాతి కింద పెట్టారు, కానీ మన నర్సరీల్లో పాత పేరే. కచ్చితంగా చెప్పాలంటే సైప్రస్ కాదు, ఆ కుటుంబంలోదే. చైనా, కొరియా వైపు చెట్టు, అక్కడ చలీ చూసింది, ఎండా చూసింది, అందుకే మొండిది. హైదరాబాద్‌లో పాత పార్కుల్లో, ఆఫీసుల ముందు ఎవరూ పట్టించుకోకపోయినా దుమ్ము కొట్టుకుపోయి నిలబడి ఉంటుంది చూడండి, అదే దానికి సర్టిఫికెట్.

ఇందులో రెండు రకాలు అమ్ముతారు, తేడా అడిగి కొనండి. ఒకటి పచ్చగా నిటారుగా పెరిగేది, పది పన్నెండు అడుగులు హాయిగా పోతుంది. రెండోది గోల్డెన్ మోర్‌పంకీ, కోడిగుడ్డు ఆకారంలో గుబురుగా, చివర్లు పసుపు రంగు, మూడు నాలుగడుగుల దగ్గర ఆగినట్టే ఉంటుంది. గోడకి మొదటిది, గేటుకి రెండు పక్కలా రెండోది. ఇక ఆడా మగా జంటగా పెట్టాలి, వాస్తు, అని రెండు అంటగడతారు, దీనికి నవ్వొస్తుంది నాకు. ఒకే చెట్టుకి మగ కోన్లూ ఆడ కోన్లూ రెండూ వస్తాయి, చిన్న కొమ్ములున్న నీలిపచ్చ కాయలు కనిపిస్తాయి చూడండి, అవి ఆడ కోన్లు. జంట కావాలంటే అందానికి పెట్టుకోండి, పెళ్ళి చెయ్యక్కర్లేదు.

ఒక లోపం ఉంది. లోపలి వైపు, కింది వైపు గోధుమ రంగులోకి ఎండిపోయి కనిపిస్తుంది. కొంత మామూలే, వెలుతురు తగలని లోపలి ఆకు రాలిపోవడం దాని పద్ధతి, చేత్తో దులిపేస్తే సరిపోతుంది. కానీ మార్చి ఏప్రిల్‌లో బయటి ఆకు కూడా రంగు వెలిసి, మట్టిరంగు పూసినట్టు అయితే అది ఎండ కాదు, ఎర్రనల్లి. ఒక తెల్ల కాగితం కొమ్మ కింద పెట్టి కొమ్మని నాలుగు సార్లు తట్టండి. కాగితం మీద మిరప్పొడి రేణువుల్లాగా పడతాయి, అర నిమిషం చూస్తే అవి నడుస్తుంటాయి. వేలితో రుద్దితే ఎర్ర గీత. నేను మొదట చేసే పని మందు కాదు, పైపుతో గట్టిగా, కింది నుంచి పైకి, ఆకు లోపలిదాకా నీళ్ళు కొట్టడం, మూడు రోజులకోసారి, పొద్దున్నే. చాలావరకు దానికే పోతాయి, ఎందుకంటే ఆ పురుగుకి కావాల్సింది దుమ్మూ, పొడి గాలీ. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, అది కూడా ఎండ లేనప్పుడే, మే నెల మధ్యాహ్నం కొడితే మందే మొక్కని కాల్చేస్తుంది.

ఇటాలియన్ సైప్రస్ దగ్గరికొస్తే నాకు కొంచెం పక్షపాతం ఉంది, ముందే చెప్తున్నా. పేరు ఇటాలియన్ గానీ దాని ఊరు మధ్యధరా తూర్పు తీరం నుంచి ఇరాన్ దాకా. ఇరాన్‌లో యజ్ద్ దగ్గర అబర్‌కూహ్‌లో ఒక చెట్టుంది, వేల ఏళ్ళదని చెప్తారు, అది ఎడారి ప్రాంతం. ఉర్దూలో, ఫార్సీలో సర్వ్ అంటారు, కవులు ప్రియురాలి నిలువెత్తు అందాన్ని దీంతో పోలుస్తారు. మొఘల్ బొమ్మల్లో తోట గీశారంటే పక్కన ఈ చెట్టు ఉండాల్సిందే. మా అత్తగారిది చీరాల వైపు, ఆవిడ చూడగానే "ఇదేంటమ్మా సర్వి చెట్లు పెట్టావు ఇంట్లో, పందిరి గుంజలకా" అన్నారు. సర్వి అంటే సరుగుడు, అది పూర్తిగా వేరే చెట్టు, కానీ ఆ మాట కూడా ఈ సర్వ్ నుంచే వచ్చుంటుందేమో అని నాకో అనుమానం, హిందీలో సరుగుడుని జంగ్లీ సరూ అంటారు కదా.

ఎండకి ఇది ఏమాత్రం బెదరదు. మా గేటు దగ్గర రెండు పెట్టా, రెండు మే నెలలు దాటాయి, చివర ఒక్క ఆకు మాడలేదు. దీని ఇబ్బంది జులైలో వస్తుంది. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిచాయంటే నెల తిరక్కుండా కింది నుంచి ఎండుకుంటూ వస్తుంది, ఇంక ఆగదు. మన దగ్గర చాలా చోట్ల రెండడుగులు తవ్వితే మొరం, ఇంకో అడుగు తవ్వితే బండ, ఆ గుంతలో వర్షం నీళ్ళు తొట్టిలో పట్టినట్టు పడతాయి. నల్లరేగడి ఉన్నవాళ్ళకి ఇంకా కష్టం. అందుకే గుంత తవ్వి ఒక బకెట్ నీళ్ళు పోసి చూడండి, రెండు మూడు గంటల్లో ఇంకకపోతే అక్కడ గుంతలో పెట్టొద్దు, ఎర్రమట్టి, ఇసక, మాగిన పశువుల ఎరువు కలిపి అడుగెత్తు దిబ్బ చేసి దాని మీద నాటండి. పాదు చేసి నీళ్ళు నిలబెట్టే మన అలవాటు మామిడికి బాగుంటుంది గానీ దీనికి కాదు.

ఇంకోటి, విత్తనం మొక్కా కొమ్మ మొక్కా అడగండి. విత్తనం నుంచి వచ్చినవి అన్నీ సన్నగా ఉండవు, కొన్ని పెద్దయ్యాక పక్కలకి విచ్చుకుంటాయి, నాలుగడుగుల జాగాలో అప్పుడు ఏడుపే. కొమ్మ మొక్కలైతే స్తంభంలాగా పోతాయి. గాలివానకి కొమ్మలు విడిపోయి వేలాడతాయి, నేను పాత చున్నీ చింపి లూజుగా చుట్టి కడతా, వైరు వద్దు, కోసుకుపోతుంది. మా దగ్గర ఐదడుగుల మొక్క 900 పడింది, వరస మొత్తానికి ఇదే పెట్టాలంటే మా ఆయన ఊరుకోలేదు.

జునిపర్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. కుండీకి, టెర్రస్‌కి, బోన్సాయ్ పిచ్చి ఉన్నవాళ్ళకి. మెల్లగా పెరుగుతుంది, గుచ్చుకుంటుంది, చిన్నపిల్లలుంటే దారి పక్కన పెట్టొద్దు. ఒక్క మోసం మాత్రం ఉంది దాంట్లో, అసలు చచ్చిపోయాక కూడా రెండు మూడు వారాలు పచ్చగానే ఉంటుంది, మనం బతికుందనుకుని నీళ్ళు పోస్తూనే ఉంటాం. లేలాండ్ సైప్రస్ అని ఎవరైనా అమ్మితే తీసుకోకండి. చల్లటి దేశాల హైబ్రిడ్ అది, అక్కడ ఏడాదికి మీటరు దాకా ఎగబాకి ఇరుగుపొరుగు కొట్టుకునే దాకా వెళ్తే, బ్రిటన్‌లో రెండు మీటర్లు దాటిన ఎత్తు కంచెల మీద 2003 చట్టంలో ఏకంగా ఒక భాగమే పెట్టారు. ఇక్కడ ఎండకి అంత సీన్ ఉండదు, గొడవా ఉండదు, మొక్కా ఉండదు.

ఏది పెట్టినా ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి, ఇవేవీ మందార లాంటివి కావు. మందారని మొద్దు దాకా కొట్టినా చిగురేస్తుంది. వీటిని ఆకు లేని గోధుమ రంగు కొమ్మ దాకా కత్తిరిస్తే అక్కడ మళ్ళీ పచ్చదనం రాదు, ఆ బొక్క అలాగే ఉండిపోతుంది. మా పక్కింటివాళ్ళ మాలి ఒకసారి "సాఫ్ చేసిన అమ్మా" అని మోర్‌పంకీని ఒక వైపు లోపలిదాకా చెక్కేశాడు, మూడేళ్ళయింది, ఇప్పటికీ ఆ వైపు నుంచి చూస్తే కొబ్బరి చీపురు నిలబెట్టినట్టుంది. వానలు మొదలయ్యాక, పచ్చగా ఉన్న చివర్లు మాత్రం, రెండంగుళాలు. అంతే.

మరి నాలుగడుగుల జాగాకి ఏది అంటే నా ఓటు పచ్చ మోర్‌పంకీకే, రెండున్నర అడుగుల దూరంలో. ఒక్కోటి 120 పడింది, ఎనిమిది పెడితే ఒకటి పోయింది, మిగతా ఏడు ఇప్పుడు గోడ దాటి రెండడుగులు లేచాయి, కింది రెండంతస్తుల బాల్కనీలు కనిపించట్లేదు. పై మూడంతస్తులు ఇంకా కనిపిస్తాయి, దానికి ఏ సైప్రసూ ఏం చెయ్యలేదు. అంత ఎత్తే కావాలంటే, అందం తర్వాత అనుకుంటే, మన నరమామిడే (నర్సరీల్లో అశోక అని అమ్మే నిటారు చెట్టు) మేలు. రోజంతా ఎండ, నీళ్ళు నిలవని మట్టి, జేబులో డబ్బులు ఉంటే ఇటాలియన్‌కి మించింది లేదు. నాటేది మాత్రం జనవరిలో కాదు, రెండు మంచి వానలు పడ్డాక జులైలో, అప్పుడైతే వేసవి వచ్చేలోపు వేరు దిగడానికి ఎనిమిది నెలలు దొరుకుతాయి. మొదటి ఏడాది ఏప్రిల్, మే నెలల్లో గ్రీన్ నెట్ పడమర వైపు మాత్రం కట్టండి, పైన కప్పెయ్యకండి.