ఆన్‌లైన్‌లో మడత యాంగిల్ స్క్వేర్ కొనేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి

కొత్త మూలమట్టం, అంటే కోణాలు గీసుకునే స్క్వేర్, చేతికి రాగానే దాంతో చెక్క మీద గీత గీయకండి, ముందు దానికే పరీక్ష పెట్టండి. ఈ మాట నాది కాదు, మా పెద్ద మేస్త్రీ గారు పదేళ్లుగా చెప్తూనే ఉన్నారు, నేనే చెవిన పెట్టలేదు. దాని ఫలితంగా నాలుగు వాసాలు, రెండు రోజుల కూలి, ఇంటివాళ్ల దగ్గర కొంత పరువు పోయాయి. ఇంకొకరికి ఇలా జరక్కూడదని రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఏమనుకోకండి.

నేను కొన్నది అల్యూమినియం మడత స్క్వేర్. ఫోటోల్లో చూస్తే చాలా ముచ్చటగా ఉంటుంది. రెండు చేతులు, ఒక్కొక్కటి 250 మిల్లీమీటర్లు, మూలలో ఒక రివెట్, మధ్యలో నెలవంక లాంటి పట్టీ మీద డిగ్రీల అంకెలు. 22.5, 45, 67.5, 90 దగ్గర పిన్ను టక్కున పడేలా చిల్లులున్నాయి, ఆ మధ్యలో ఏ కోణం కావాలన్నా ఒక నాబ్ తిప్పి బిగించుకోవాలి. ఎర్ర రంగు కోటింగు, పాకెట్ లాంటి సంచి కూడా ఇచ్చాడు. 1149 రూపాయలు. నాలుగు పైన స్టార్లు, వందల రివ్యూలు. ఆ రివ్యూలు కిందిదాకా చదివి ఉంటే అప్పుడే తెలిసిపోయేది, ఎందుకంటే తర్వాత తీరిగ్గా కూర్చుని చూస్తే వాటిలో సగం ఫోటోలు గ్లూ గన్‌వి, ఒకాయన అయితే కొలత టేపు బాగుంది, మా నాన్నగారికి నచ్చింది అని రాశాడు. అంటే పాత వస్తువు పేజీలోనే కొత్త వస్తువు పెట్టేసి, పాత స్టార్లతో అమ్మేస్తున్నారన్నమాట. ఈ పని చాలామంది అమ్మకందారులు చేస్తున్నారు, కాబట్టి స్టార్లు చూసి మోసపోకండి, రివ్యూల్లో జనం పెట్టిన ఫోటోలు చూడండి.

పని ఏమిటంటే, రాజమండ్రి దగ్గర ఒక ఇంటి ముందు పెంకు వరండా. రెండు వైపులా వాలు, మధ్యలో వెన్నుగాడి (రెండు వాలులూ కలిసే కొప్పు దగ్గరి దూలం), పదకొండు జతల వాసాలు, పైన బెంగుళూరు పెంకు. వాసాలు మలేషియన్ సాల్, మూడు బై ఐదు అంగుళాలు. వాలు 30 డిగ్రీలు అనుకున్నాం. మామూలుగా మా మేస్త్రీ గారు డిగ్రీల లెక్క పెట్టుకోరు, అడుగుకి ఏడంగుళాల ఎత్తు అంటారు, అంతే. లెక్కేసి చూస్తే అది 30 డిగ్రీల మీద పావు డిగ్రీ ఎక్కువ వస్తుంది, అంటే పాతవాళ్ల లెక్క ఎంత దగ్గరగా ఉందో చూడండి. నేనేమో కొత్త పరికరం వచ్చింది కదా అని, మీరు కూర్చోండి మేస్త్రీ గారూ, ఇవాళ గీతలు నేను గీస్తాను అన్నాను. ఆయన ఏమీ అనలేదు. బీడీ వెలిగించుకుని వేపచెట్టు కిందకి వెళ్లారు.

30 దగ్గర పిన్ను చిల్లు లేదు కాబట్టి నాబ్ బిగించాను, గట్టిగానే బిగించాను, వేళ్లు నొప్పి పుట్టేంత. వెన్నుగాడికి ఆనే నిలువు కోత, గోడ మీది పట్టీ చెక్క మీద కూర్చునే గాటు, రెండూ దాంతోనే గీసుకుంటూ పోయాను. ఎనిమిది వాసాలు కోసేశాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి జత పైకెత్తి వెన్నుగాడికి ఆనించి చూస్తే కింద అంచు అంటుకుంది, పైన మాత్రం సందు. అది కూడా రెండు వైపులా ఒకేలా లేదు. ఒక వైపు కలిపి చూస్తే ఇంకో వైపు వేలు గోరు దూరేంత, మూడో జత అయితే దాదాపు 8 మిల్లీమీటర్లు. చెక్క వంకరేమో అనుకున్నాను, రంపం బ్లేడు వాలిందేమో అనుకున్నాను, చివరికి కుర్రాడు నిలువుగా పట్టుకోలేదని వాణ్ని కూడా తిట్టాను, పాపం వాడి తప్పేమీ లేదు.

అప్పుడు మేస్త్రీ గారు లేచి వచ్చారు. స్క్వేర్ చేతిలోకి తీసుకుని ఒక చేతిని బల్లకి అదిమి పట్టి, రెండో చేతి కొసని చూపుడు వేలితో అటూ ఇటూ ఊపారు. నాబ్ బిగించే ఉంది. కొస మూడు మిల్లీమీటర్లు ఊగింది. పక్కనున్న నాకు కనబడింది, కుర్రాడికీ కనబడింది. 'బాబూ, ఇది మూలమట్టం కాదు, తలుపు మడతబందు' అన్నారు ఆయన. అంతే, ఇంకో మాట లేదు.

250 మిల్లీమీటర్ల చేతికి మూడు మిల్లీమీటర్ల ఊగు అంటే దాదాపు 0.7 డిగ్రీ. ఇక్కడ ఒక తేలిక లెక్క గుర్తుపెట్టుకోండి, 57 మిల్లీమీటర్ల దూరానికి ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే అది ఒక డిగ్రీ. మీటరు పొడవున ఒక డిగ్రీ తప్పు అంటే పదిహేడున్నర మిల్లీమీటర్లు. ఒక డిగ్రీయే కదా అనుకుంటాం కానీ చెక్కలో అది చాలా పెద్ద మాట. మా ఐదంగుళాల వాసానికి 30 డిగ్రీల కోత పెడితే ఆ కోత ముఖం దాదాపు ఆరంగుళాలు ఉంటుంది, దానికి ఒకటిన్నర డిగ్రీ తప్పితే ఒక వాసానికి నాలుగు మిల్లీమీటర్ల సందు, ఎదురు వాసం కూడా అలాగే ఉంటే వెన్నుగాడి దగ్గర మొత్తం ఎనిమిది. సరిగ్గా మాకు వచ్చింది అదే.

అన్నీ ఒకేలా తప్పి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదండి. ఒకే తప్పు అన్నిట్లోనూ ఉంటే అన్నీ ఒకేలా మళ్లీ కోసి వెన్నుగాడిని కాస్త దించుకోవచ్చు, పెంకు వేశాక ఎవరికీ తెలియదు కూడా. కానీ ఈ నాబ్ వాసం అంచుకి తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం జారింది, నేను చూసుకోలేదు, అందుకని ఎనిమిది వాసాల్లో ఏ రెండూ ఒకేలా లేవు. నాలుగింటిని కొప్పు వైపు మళ్లీ కోసి, వెనక చిన్న పంచకి సర్దాం. మిగతా నాలుగూ పనికిరాలేదు, ఆరు వేల పైచిలుకు చెక్క. తర్వాత మేస్త్రీ గారు నేల మీద ప్లైవుడ్ పరిచి, పన్నెండు అంగుళాలు అడ్డంగా, ఏడు అంగుళాలు నిలువుగా కొలిచి, ఆ రెండు చివర్లూ కలిపి గీత గీసి, దాన్నే ఒక అచ్చుగా కోసుకున్నారు. అన్ని వాసాలకీ ఆ అచ్చే పెట్టి గీశారు. సాయంత్రానికి ఒక్క సందు లేదు.

రాత్రి ఇంటికొచ్చి నిద్రపట్టక ఆ స్క్వేర్‌ని బల్ల మీద పెట్టి పూర్తిగా పరీక్ష చేశాను. ఇది మీరూ చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. వంకర లేకుండా తిన్నగా ఉన్న అంచు ఒకటి కావాలి, కొత్త ప్లైవుడ్ షీటుకి ఫ్యాక్టరీ కోత అంచు సరిపోతుంది. 90 దగ్గర పిన్ను వేసి, ఒక చేతిని అంచుకి ఆనించి పెన్సిల్‌తో గీత గీయండి. తర్వాత స్క్వేర్‌ని బోర్లా తిప్పి, అదే చుక్క దగ్గర పెట్టి మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే అది నిజమైన 90. విడిపోతే, వాటి మధ్య ఎంత సందు ఉందో అందులో సగం మీ పరికరం తప్పు. నాకు 250 మిల్లీమీటర్ల చివర నాలుగు మిల్లీమీటర్లు విడిపోయింది, అంటే తప్పు రెండు మిల్లీమీటర్లు, దాదాపు అర డిగ్రీ. పిన్ను పడే చోటే అర డిగ్రీ తప్పు అంటే చిల్లులే తప్పు చోట పొడిచారు. దాన్ని ఏ నాబ్ బిగించీ సరిచేయలేం.

45 కోసం అయితే రెండు వైపుల నుంచి 45 గీసి, కలిసిన చోట మూల సరిగ్గా 90 వస్తుందో లేదో మంచి మూలమట్టంతో చూడండి. 30 కోసం అయితే టేపుతో 500 మిల్లీమీటర్లు అడ్డంగా, దాని చివర లంబంగా 289 పైకి కొలిచి కలిపితే 30 డిగ్రీలు వచ్చేస్తుంది, ఆ గీత మీద మీ పరికరం పెట్టి చూసుకోండి. నాది 30 అని చూపిస్తున్నప్పుడు అసలు కోణం 31. దానికి ఆ ఊగు కూడా కలిపితే ఒకటిన్నర. లెక్క సరిపోయింది కదా.

ఇంకో పరీక్ష సరదాకి చేశాను. అంకెలు చెక్కారా, అచ్చు వేశారా అని గుడ్డకి కొంచెం థిన్నర్ అంటించి తుడిచాను. 40లో నాలుగు చెరిగిపోయింది, సున్నా మిగిలింది. ఎండలో, చెమట చేతులతో, ఫెవికాల్ చేతులతో వాడే వస్తువుకి అంకెలు అచ్చు వేస్తే ఎన్నాళ్లుంటాయండీ? కొనేటప్పుడు గోరుతో అంకె మీద గీకండి, గోటికి గాడి తగలాలి.

ఇక రిటర్న్ గొడవ. వస్తువు వచ్చిన పన్నెండో రోజున పని మొదలుపెట్టాను, వాళ్ల గడువేమో 7 రోజులు, అది కూడా మార్పిడి మాత్రమే, డబ్బు వాపసు లేదు. కస్టమర్ కేర్ అమ్మాయి చాలా మర్యాదగా, సర్ మీ విండో క్లోజ్ అయింది సర్, అని నాలుగు సార్లు చెప్పింది. ఆ అమ్మాయిని అని ఏం లాభం. కానీ ఒకటి తెలుసుకోండి, 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్న వస్తువునీ, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువునీ వెనక్కి తీసుకోం అని అమ్మకందారు అనడానికి లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు. గీతల పరీక్ష ఫోటోలు, పక్కన స్కేలు పెట్టి తీసినవి, అవే పనికొచ్చాయి. వట్టి మాటలతో బాగాలేదు అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, 250కి 4 మిల్లీమీటర్లు తేడా అని కొలతతో రాయండి.

రెండు వారాలకి కొత్తది పంపారు. దానికీ అదే పరీక్ష. ఇది ఇంకో వైపు తప్పింది! అంటే ఒక్క పీసు పాడైంది కాదు, తయారీలోనే కొలత లేదు. డబ్బు వెనక్కి రావడానికి ఇంకో పది రోజులు పట్టింది. అప్పుడే డబ్బా మీద చూశాను, తయారీదారు పేరు లేదు, దిగుమతిదారు అడ్రసు లేదు, ఏ దేశంలో చేశారో లేదు. ఇవన్నీ డబ్బా మీద ఉండాలని చట్టం. డబ్బా విప్పేముందే చూడాల్సింది, ఎవరు చూస్తాం?

డిజిటల్‌ది కొను అని మా బావమరిది అంటున్నాడు. వాడి దగ్గర ఒకటుంది, పర్వాలేదు, కానీ దాని కాగితంలోనే 0.3 డిగ్రీల దాకా తేడా ఉండొచ్చని రాసుంది, అది మీటరుకి ఐదు మిల్లీమీటర్లు. పైగా ఆఫ్ చేసి పెట్టినా బటన్ బ్యాటరీ దిగిపోతుంది, సరిగ్గా పని మధ్యలో. గోడ మూల ఎంత ఉందో తెలుసుకోవడానికి బాగుంటుంది, మన ప్లాస్టరింగు మూలలు ఏవీ 90 ఉండవు కాబట్టి స్కర్టింగ్, సీలింగ్ పట్టీలు వేసేవాళ్లకి అది ఉపయోగమే.

నాకైతే మళ్లీ పాత పద్ధతే నయమనిపిస్తోంది. చెక్క పిడి, ఇనుప బద్ద, మర బిగించే సాదా బెవెల్. దాని మీద అంకెలే ఉండవు. ఉన్న కోణాన్ని పట్టుకుని ఇంకో చెక్క మీదకి మోసుకెళ్తుంది, అంతే దాని పని, అందుకని అబద్ధం చెప్పే సందు తక్కువ. కొనేటప్పుడు బిగించి, బద్ద కొస పట్టుకుని ఊపి చూడండి, జారితే అక్కడే కౌంటర్ మీద పెట్టేయండి. దాంతోపాటు గట్టిగా పోత పోసిన, కదిలే భాగాలు లేని త్రికోణపు స్క్వేర్ ఒకటి ఉంటే వాసాల పని దాదాపు అంతా అయిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో వంద రూపాయలు ఎక్కువైనా సరే, వాళ్ల ప్లైవుడ్ షీటు అంచు మీదే గీతలు గీసి, తిప్పి చూసుకుని కొనండి. మా దగ్గర షాపాయన మొదట విసుక్కున్నాడు, తర్వాత ఆయనే ఆసక్తిగా వంగి చూశాడు, మూడో పీసు సరిపోయింది.

మార్పిడిలో వచ్చిన రెండోది ఇంకా షెడ్డులోనే ఉంది, వాపసు తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. కుర్రాడు పొరపాటున వాడతాడేమోనని ఎర్ర పెయింటుతో పెద్ద ఇంటూ మార్కు పెట్టాను, ఎర్ర కోటింగు మీద ఎర్ర పెయింటు కనబడటం లేదని నిన్న మేస్త్రీ గారు నవ్వారు. రేపు తెల్ల పెయింటు వెయ్యాలి. గీతల ఫోటోలు ఎవరికైనా కావాలంటే అడగండి, పెడతాను.