రాత్రి పదకొండు దాటాక నిలబడే పాటలు: ఏళ్ల తరబడి విన్నాక నా సమీక్ష

రాత్రి పాటకి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. వాల్యూమ్ బాగా తగ్గించినా పాట పాటలాగే ఉండాలి. ఇంట్లో అందరూ పడుకున్నాక గొంతు వినపడట్లేదని కాస్త పెంచుతామా, చరణం ముందు వయొలిన్లన్నీ ఒక్కసారిగా లేచి ఉలిక్కిపడేలా చేస్తాయి. పగలు ప్రాణంగా వినే పాటలు కూడా చాలావరకు ఇక్కడే తప్పుతాయి.

ఇన్నేళ్లలో ఈ పరీక్షకి బాగా నిలబడింది ‘గీతాంజలి’. 1989లో వచ్చింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా. సంగీతం ఇళయరాజా, పాటలు వేటూరి. ‘ఓం నమః’ గుండె చప్పుడుతో మొదలవుతుంది. ఫోన్ స్పీకర్లో వింటే అది దాదాపు తెలియదు, అంత చిన్న స్పీకర్ అంత మంద్రమైన శబ్దాన్ని పలికించలేదు. లైట్లార్పి ఇయర్‌ఫోన్లతో వినండి, వేరే పాట విన్నట్టుంటుంది. బాలు, జానకి ఇద్దరూ పక్కనున్న మనిషికి మాత్రమే వినపడాలన్నట్టు పాడతారు. ప్రేమ పాటని ఇంత దగ్గరగా, ఇంత మర్యాదగా పాడినవాళ్లు నాకింకెవరూ తెలియదు.

‘ఆమని పాడవే’ సంగతి వేరు. చావు దగ్గరపడిన కుర్రాడు వసంతాన్ని పాడమని అడుగుతున్నాడు. బాలు దాన్ని ఏడుపు చేయలేదు, మాట చివర ఊపిరిని కాస్త వదిలి ఊరుకున్నారు, అంతే. 2020 సెప్టెంబరులో ఆయన పోయాక చాలాకాలం ఈ పాట జోలికి వెళ్లలేకపోయాను. ఇప్పటికీ మనసు బాగోలేని రాత్రి దీన్ని పెట్టుకోవద్దనే చెబుతాను, దిగులు ఇంకాస్త లోతుకి దిగుతుంది. అలాంటి రాత్రికి ‘ఓ పాపా లాలి’ ఉంది.

అలాగని ఆల్బమ్ మొత్తం వరసగా వేసేయకండి. ‘జగడ జగడ’ గొప్ప పాటే, కానీ అది పగటి పాట. ‘జల్లంత కవ్వింత’ కూడా అంతే. మీకు కావలసినవి విడిగా లిస్టు చేసుకుని, షఫుల్ ఆపేయండి. ఆ లిస్టులో ‘సాగర సంగమం’ (1983) నుంచి ‘మౌనమేలనోయి’ కూడా చేర్చండి. రాత్రి గురించే రాసిన పాట అది, జానకి ఎత్తుగడలోనే ఇల్లు సద్దుమణిగిపోతుంది.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు. ఇంట్లో చంటిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే రెండు చెవులూ మూసుకుని కూర్చోలేం. ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెడితే స్టీరియో పాటలో సగం వాయిద్యాలు పోవచ్చు. పాత మోనో రికార్డింగులకి ఆ బాధ లేదు, రెండు వైపులా ఒకటే శబ్దం. అందుకే ‘మిస్సమ్మ’ (1955) నా లిస్టులో పైనే ఉంటుంది. ‘రావోయి చందమామ’లో ఏ.ఎం.రాజా గొంతు, పి.లీల గొంతు ఒక చెవితో విన్నా ఏమీ తగ్గవు. ఇలాంటివాటికి స్టీరియోగా మార్చిన కొత్త వెర్షన్లు, గొంతుని తలచుట్టూ తిప్పే ‘ఎయిట్‌డి’ రకాలూ దొరుకుతాయి. నన్నడిగితే వాటి దగ్గరికి పోవద్దు.

మాటలే వద్దనిపించే వేళకి నా దగ్గరున్నది ఒక్కటే, ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ (1967) అనే హిందుస్తానీ వాద్య సంగీత ఆల్బమ్. శివకుమార్ శర్మ సంతూర్ (తీగల మీద చిన్న కర్రలతో కొట్టి వాయించే వాద్యం), హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్. కశ్మీర్‌లో ఒక గొర్రెలకాపరి రోజుని తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా రాగాల్లో చెబుతుంది. నేను మాత్రం మొదటి సగం వదిలేసి చివర్లో వచ్చే దేశ్, పహాడీ రాగాలే వింటాను. సంతూర్ దెబ్బ కాస్త పదునుగా తగులుతుంది, అక్కడ వాల్యూమ్ ఇంకొక్క మెట్టు దించుకోవాలి.

ఏది విన్నా ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. అర్ధరాత్రి రెండు పాటల మధ్య అరిచే యాడ్ ఒక్కటి చాలు, వచ్చిన నిద్ర కాస్తా ఎగిరిపోతుంది.