ఇంట్లోనే బాగుచేసుకున్న సీజే3బీ జీపు: ఏళ్ల వాడకం తరువాత

పాత జీపును బాగుచేసుకున్న కొత్తలో ఎవరైనా మెచ్చుకుంటూనే రాస్తారు. రంగు మెరుస్తూ ఉంటుంది, ఇంజిన్ ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. చేసిన పని నిలిచిందో లేదో మాత్రం కొన్ని ఎండాకాలాలు, కొన్ని వానాకాలాలు గడిస్తే గాని తేలదు. నా 1974 మోడల్ మహీంద్రా సీజే3బీని విజయవాడలో మా ఇంటి పోర్టికోలోనే విప్పి బిగించుకున్నాను. అప్పటినుంచి రైతుబజారుకు, కొండపల్లి కొండ మీదికి, వానల్లో పొలం బాటకు దాన్నే వాడుతున్నాను. ఇన్నాళ్ల వాడకంలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. కంటికి కనిపించని చోట పెట్టిన డబ్బు ఇంకా పనిచేస్తోంది. కనిపించే చోట పెట్టినదాంట్లో చాలా భాగం రాలిపోయింది.

తెలియనివారి కోసం బండి సంగతి కొంచెం. ఇది విల్లీస్ సంస్థ 1953లో అమెరికాలో తెచ్చిన నమూనా. మన దేశంలో మహీంద్రా లైసెన్సుపై తయారు చేసింది. బానెట్ అంత ఎత్తుగా ఉండడానికి కారణం హరికేన్ ఇంజిన్. ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోనే ఉంచి, ఇన్‌లెట్ వాల్వులను హెడ్‌లోకి మార్చడంతో ఇంజిన్ ఎత్తు పెరిగింది, దాంతో బానెట్టూ లేచింది. 2.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, మూడు గేర్లు, శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు రెండు లివర్లు. ఒక లివరు ముందు చక్రాలకు శక్తిని కలుపుతుంది, రెండోది లో రేంజి, అంటే వేగం తగ్గి లాగే బలం పెరిగే వరస, వేస్తుంది. లో రేంజి 2.46కు 1. దాన్లో మొదటి గేరు వేస్తే బురదలో బండి తొందరపడకుండా, ఆగకుండా బయటికి వస్తుంది. ఆ నడక కోసమే నేను ఈ బండిని వదులుకోలేను.

ఇంజిన్ పని గురించి ఎక్కువ చెప్పను. ఆటోనగర్ ఉన్న ఊళ్లో అది కష్టం కాదు. బోరు కొట్టించడం, క్రాంకు గ్రైండింగు, వాల్వు సీట్లు, రేడియేటర్ కోరు, అన్నిటికీ ఒక్కో వీధిలో ఒక్కో పనివాడు దొరుకుతాడు. చాలామంది ఈ జీపుల్లో డీజిల్ ఇంజిన్ ఎక్కించేశారు. ఆర్సీలో పెట్రోలు అని, బానెట్ కింద డీజిల్ ఉంటే రెన్యువల్ నాటికి తలనొప్పి తప్పదు. కొనేముందు ఛాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును, ఇంధనం గడిని మీ కళ్లతో సరిచూసుకోండి.

అసలు కథ ముందు ఇరుసు హౌసింగ్‌లో ఉంది. మొదట్లో నలభై వేగంలో చిన్న గుంత తగిలినా స్టీరింగ్ రెండు చేతుల్లో గడగడలాడేది. నేను రంగు ఎంపికలో పడి ఉంటే, ఆటోనగర్ నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ, “రంగు సంగతి తరువాత చూద్దాం లెండి సార్, ముందు నకిల్ విప్పండి” అన్నారు. నకిల్ అంటే ముందు చక్రం పక్కకు తిరిగే కీలు. విప్పితే లోపల గ్రీజు లేదు, ఇనప రజను కలిసిన నల్లటి ముద్ద ఉంది. ఆ కీలు తిరిగే కింగ్‌పిన్ బేరింగు కప్పులో రోలర్లు కూర్చున్న చోట గాట్లు పడ్డాయి. గోరు పెట్టి గీస్తే టకటకా తగిలాయి. కొత్త బేరింగులు వేయడం సులువే, షిమ్ములు, అంటే సందు సరిచేసే పలుచటి రేకులు, కుదర్చడమే ఓపిక పని. ఆయిల్ సీలు బిగించకముందే నకిల్ ఆర్మ్‌కు స్ప్రింగు కాటా తగిలించి లాగాలి. ఎంత బరువుకు కదులుతోందో చూసి ఒక పలుచటి షిమ్ము తీయడం, మళ్లీ బిగించి లాగడం. ఆయన ఒక మధ్యాహ్నమంతా అలాగే కూర్చుని చేశారు. దానితోపాటు బెల్ క్రాంకు బుష్షులు, టై రాడ్ ఎండ్లు కూడా మార్చాం. ఈ జీపులో స్టీరింగ్ బాక్సుకూ చక్రాలకూ మధ్య బెల్ క్రాంకు ఒకటి ఉంటుంది. అది అరిగితే మిగతావన్నీ కొత్తవైనా స్టీరింగ్‌లో ప్లే (వదులు) పోదు. ఇవాళ్టికీ గుంటూరు హైవే మీద అరవై వేగంలో బండి చక్కగా గీత పట్టినట్లు పోతుంది. గ్రీజు గన్ మాత్రం నిర్లక్ష్యం చేయను.

బాడీ సంగతి వేరు. తుప్పు తిన్న ఫ్లోరు కోసేసి 18 గేజి రేకు వెల్డింగ్ చేయించి, రెండు వైపులా ఎపాక్సీ ప్రైమరు కొట్టిన చోట ఇప్పటికీ రేకు గట్టిగా ఉంది. బయటివైపు పేరున్న షాపులో వేయించిన లప్పం, పైన మెరిసే రంగు రెండో వానాకాలానికే ఉబ్బాయి. సుత్తితో తట్టి సరిచేయాల్సిన సొట్టను అక్కడ లప్పంతో నింపారు. అంత డబ్బు తీసుకుని అలా చేయడం నాకు ఇప్పటికీ బాధే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నీళ్ల క్యాన్లు, పాల ప్యాకెట్లు మోశాం. మోకాలి లోతు దాటని వీధుల్లోకే తీసుకెళ్లాం. నీళ్లలోకి దిగేముందు ఫ్యాన్ బెల్టు తీసేస్తే ఫ్యాను రెక్కలు నీళ్లను స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీదికి చిమ్మవు. ఎక్కడా ఆగలేదు. ఇంటికొచ్చి ఇరుసు మధ్య రెండు చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ ప్లగ్గు విప్పితే ఆయిలు పాలు ఎక్కువైన టీలా కారింది. వేడెక్కిన హౌసింగ్ చన్నీళ్లలో చప్పున చల్లబడి, సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ వారంలోనే ఆయిళ్లన్నీ మార్చి, హబ్బులు విప్పి కడిగి గ్రీజు పెట్టాం కాబట్టి బేరింగులు దక్కాయి. నీళ్లలో తిరిగిన ఫోర్ వీల్ బండిని పైపైన కడిగి వదిలేయకండి.

బ్రేకుల విషయంలో ఈ జీపుకు నేను మంచి మార్కులు వేయలేను. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, మాస్టర్ సిలిండర్ ఒకే సర్క్యూట్. ఎక్కడ ఒక్క పైపు కారినా పెడల్ నేలకు పోతుంది. అందుకే ఘాట్ ఎక్కేముందు ప్రతిసారీ కిందికి వంగి పైపులు చూస్తాను. హ్యాండ్ బ్రేకు చక్రాలకు కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టుకు పడుతుంది. వెనక ఒక చక్రం జాకీ మీద లేపితే డిఫరెన్షియల్ వల్ల ఆ బ్రేకు ఆపదు, బండి జారిపోతుంది. ఇంట్లో పని చేసుకునేవారు చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మెలు పెట్టకుండా కిందికి దూరవద్దు, మీ కాళ్లు పట్టుకుని చెబుతున్నా.

యాభై ఏళ్లు నిండిన బండ్లకు 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, గడువు పదేళ్లు. కానీ ఆ నంబరుతో రోజూ తిరగకూడదు, ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికే. పొలానికి వెళ్లే జీపును ప్రదర్శన వస్తువు చేయడం నాకు ఇష్టం లేదు. మామూలుగానే ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ తీసుకుంటున్నాను.

ఇప్పుడు నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నది పెట్రోలు. మన మే నెల ఎండకు ట్రాఫిక్‌లో ఆగితే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపుకు అందేది కాదు. గొట్టాన్ని ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు దూరంగా తిప్పి బిగించాక ఆ ఇబ్బంది పోయింది. 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక పాత రబ్బరు గొట్టాలు మెత్తబడ్డాయి, పంపు డయాఫ్రమ్ ఉబ్బింది. ఇథనాల్ తేమను పట్టుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు లోపల తుప్పు ఖాయం. గొట్టాలు, డయాఫ్రమ్ ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించాను. కార్బొరేటర్ గాస్కెట్లు ఇంకా పాతవే, వచ్చే ఎండాకాలం లోపు వాటినీ మార్చాలి.