‘సేవ్ అయింది’ అన్న మాట నమ్మి చందా కట్టకండి

బ్రౌజర్‌లోనే తెరుచుకుని పనిచేసే ఒక రచనా సేవకు నేను ఏడాది చందా కట్టాను. మా నాయనమ్మ చెప్పగా విన్న సంగతులు దాదాపు ముప్పై పేజీలు అందులోనే టైపు చేశాను. వాక్యం పూర్తికాగానే కింద ‘సేవ్ అయింది’ అని కనిపించేది కనుక, వేరే ప్రతి తీసిపెట్టుకోవాలన్న ఆలోచనే రాలేదు. కిందటి నెల కంప్యూటర్ నెమ్మదించిందని బ్రౌజర్‌లోని కుకీలు, సైట్ డేటా తుడిచివేశాను. మర్నాడు లాగిన్ అయితే ఖాతా ఉంది, చందా ఉంది, రాసినది ఒక్క అక్షరం లేదు.

సహాయ విభాగానికి రాస్తే, ‘పబ్లిష్’ నొక్కేదాకా చిత్తుప్రతి వాడుకరి బ్రౌజర్‌లోనే ఉంటుందని, తమ సర్వర్‌కు చేరదని, అందుచేత తిరిగి ఇవ్వలేమని జవాబు వచ్చింది. డబ్బు కట్టించుకునే పేజీలో ఈ ముక్క ఎక్కడా లేదు. చందా సొమ్ము వెనక్కి రాలేదు. సొమ్ము సంగతి అలా ఉంచితే, నాయనమ్మ ఇప్పుడు లేరు; ఆమె చెప్పిన వాటిలో సగం నాకు గుర్తుకు రావడం లేదు.

ఇలాంటి సేవలు కొన్ని బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్ అనే చిన్న అరలో రాతను దాస్తాయి. సైట్ డేటా తుడిస్తే ఆ అర ఖాళీ అవుతుంది. ఇన్‌కాగ్నిటోలో, అంటే చరిత్ర మిగల్చని ప్రైవేట్ కిటికీలో, రాస్తే, ఆ కిటికీలన్నీ మూయగానే పోతుంది. ఆపిల్ వారి సఫారీ బ్రౌజర్‌లోనైతే 2020 నుంచి, మనం బ్రౌజర్ వాడుతూనే 7 రోజులపాటు ఆ సైట్‌ను ముట్టకపోతే, సైట్ అలా దాచుకున్న డేటాను బ్రౌజరే తొలగిస్తుంది. పేరున్న సాధనాలకూ షరతులుంటాయి: వర్డ్‌లో ఆటోసేవ్ (దానంతటదే సేవ్ చేసే వీలు) వన్‌డ్రైవ్, షేర్‌పాయింట్ వంటి మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వల్లో ఉన్న ఫైళ్లకే పనిచేస్తుంది.

కనుక డబ్బు కట్టకముందే, ఉచిత గడువులోనే, ఒక పేరా రాసి, పబ్లిష్ నొక్కకుండా, మరో ఫోన్‌లో అదే ఖాతాతో తెరిచి చూడండి. అక్కడ ఆ పేరా కనిపించకపోతే మీ రాత వారి దగ్గర లేదనే అర్థం. రాసినదంతా ఒకేసారి ఫైలుగా దించుకునే వీలు, గూగుల్ డాక్స్‌లో ఉన్నట్లు పాత ప్రతులకు వెనక్కి వెళ్లే వీలు ఉన్నాయో లేదో కూడా చూడండి.

ఇప్పటికే చందా కట్టి రాస్తున్నవారు ఏ డేటానూ తుడవకుండా, రాసిన కంప్యూటర్‌లోనే, రాసిన బ్రౌజర్‌లోనే తెరిచి, మొత్తం కాపీ చేసి వేరే ఫైలులో ఈరోజే దాచుకోండి.